రామానుజుల తొలి శిష్యుల నుంచి మనం నేర్చుకోవాల్సిన 5 పాఠాలు



ఈ వారం వీడియోలో ముచ్చింతల్ సమతామూర్తి దగ్గర నిలబడి రామానుజాచార్యుల జీవితం గురించి చెప్పాను కదా. ఆయన చుట్టూ ఉన్న మనుషుల గురించి, అంటే మొదటి తరం శిష్యుల గురించి చెప్పడానికి టైమ్ సరిపోలేదు. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కారణం కాదు. వాళ్ళ గురించి చెప్పాలంటే నా గురించి కూడా ఒక విషయం చెప్పాలి. కెమెరా ముందు అది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

లంచ్ టైమ్‌లో వచ్చిన ప్రశ్న

నేను ఉండేది, పనిచేసేది రెండూ కాటేదాన్‌లోనే. వారమంతా ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను, ఆదివారం మీకోసం వీడియోలు చేస్తాను. మా యూనిట్‌లో మెషీన్ సెక్షన్ చూసే ఒక అన్న ఉన్నాడు. క్రైస్తవుడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర టిఫిన్ బాక్సులు విప్పుతాం. వాళ్ళ చర్చిలో కొన్ని వారాలుగా మొదటి శతాబ్దపు విశ్వాసుల జీవితాల మీద పాఠాలు చెప్తున్నారట. ఒకరోజు ఆ ముచ్చట తీశాడు.

"తమ్మీ, యెరూషలేములో మొదట్ల వాళ్ళు ఉన్నదంతా కలిపి పంచుకునేటోళ్లంట. గంత మంచోళ్ల నడుమ గూడ లొల్లి అయ్యింది. ఎందుకో ఎరుకనా? అన్నం కాడ. రోజూ వడ్డించేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను సరిగ్గ చూస్తలేరని. గప్పుడు ఆ పని సక్కగ చూడనీకి ఏడుగురిని పెట్టిన్రు. అందుల స్తెఫను ఒకడు. తర్వాత ఆయనను రాళ్ళతో కొట్టి చంపిన్రు. సచ్చేటప్పుడు గూడ కొట్టినోళ్ల మీద ఈ పాపం మోపొద్దని దేవుణ్ణి అడిగిండు."

కాసేపాగి అడిగాడు: "మీ దాంట్ల గూడ గిట్ల మొదటి భక్తుల గురించి చెప్తరా? దేవుని మహిమలు గాదు, వాళ్ళు ఎట్ల బతికిన్రు అనేది?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఛానల్‌లో ఇన్ని వీడియోలు చేశాను. స్థల పురాణాలు చెప్పాను, మహిమలు చెప్పాను, ఏ వ్రతం ఎలా చేయాలో చెప్పాను. భక్తులు ఒకరితో ఒకరు ఎలా మెలిగారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. దానికంటే, "అన్నం కాడ లొల్లి" అన్న మాట గొంతులో ముద్దలా అడ్డుపడింది. ఎందుకంటే...

పోయిన ధనుర్మాసంలో నేను చేసిన పని

మా గల్లీలో కొంతమంది కుర్రాళ్ళం కలిసి ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై చదువుతాం. గోదాదేవి పాడిన 30 పాశురాలు, రోజుకొకటి. తర్వాత పొంగలి ప్రసాదం. నేను వీడియో తీస్తాను.

మాకు దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ దిగి వెళ్తూ ఒడిశాకు చెందిన ఒకాయన రోజూ ఆగేవాడు. యూనిఫాం అంతా గ్రీజు మరకలు, జుట్టు మీద పొడి. తెలుగు అంతగా రాదు. చేతులు జోడించి, పాశురం అయిపోయేదాకా కదలకుండా నిలబడేవాడు. ఒకరోజు కొంచెం ధైర్యం చేసి లోపలికి వచ్చి ముందు వరుస పక్కన నిలబడ్డాడు. సరిగ్గా నా ఫోన్ ఫ్రేమ్‌లోకి.

నేను చేత్తో సైగ చేసి, "భయ్యా, థోడా సైడ్" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. ఇంకొంచెం అన్నాను. గేటు బయటకు వెళ్ళిపోయాడు. అందరినీ కూర్చోబెట్టి ఆకు ప్లేట్లలో ప్రసాదం పెట్టాం. ఆయనకు మాత్రం గేటు దగ్గరే కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు మావాళ్ళు. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. మర్నాటి నుంచి రాలేదు.

ఎవరూ తిట్టలేదు, ఎవరూ గెంటలేదు. కులం పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. వీడియో నీట్‌గా రావాలనుకున్నాను, అంతే. ఆ వీడియోకు మంచి వ్యూస్ కూడా వచ్చాయి. అన్న ఆ మాట అనేదాకా నేను చేసింది తప్పు అని నాకు తట్టనేలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే ఎక్కువ భయపెడుతోంది.

ఆ రోజు నుంచి రామానుజుల శిష్యుల చరిత్రలు చదవడం మొదలుపెట్టాను. సమతామూర్తి మాకు ఎంతో దూరం కాదు. 216 అడుగుల విగ్రహం, చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించినప్పటి నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను, సెల్ఫీలు దిగాను. కానీ ఆ సమత అన్న మాటకు ఎవరెవరు ఎంత ధర చెల్లించారో చదివాకే తెలిసింది. గురుపరంపర గ్రంథాలు, పెద్దలు చెప్పే కథల్లోంచి ఐదు ఇక్కడ చెప్తున్నా.

పాఠం 1: ఎవరి చేయి పట్టుకుంటున్నాం? (ధనుర్దాసు)

శ్రీరంగం పక్కనే ఉరైయూరు. అక్కడ ధనుర్దాసు అనే మల్లయోధుడు ఉండేవాడు. తమిళంలో ఆయన్ని పిళ్ళై ఉరంగావిల్లి దాసర్ అంటారు. భార్య హేమాంబ అంటే ప్రాణం. ఉత్సవానికి వెళ్తూ ఆమెకు ఎండ తగలకుండా గొడుగు పట్టి నడుస్తుంటే జనం నవ్వారు. రామానుజులు నవ్వలేదు. పిలిచి ఎందుకిలా అని అడిగారు. ఆమె కళ్ళకంటే అందమైనవి నేను చూడలేదన్నాడు. అంతకంటే అందమైన కళ్ళు చూపిస్తే? అని రంగనాథుడి ముందు నిలబెట్టారు. ఆ తర్వాత దంపతులిద్దరూ శ్రీరంగంలోనే ఉండిపోయారు.

అసలు విషయం ఇక్కడి నుంచి. రామానుజులు కావేరీ స్నానానికి వెళ్ళేటప్పుడు ఒక బ్రాహ్మణ శిష్యుడి చేయి పట్టుకునేవారు. స్నానం చేసి వచ్చేటప్పుడు మాత్రం ధనుర్దాసు చేయి పట్టుకుని వచ్చేవారు. మడి స్నానం అయ్యాక అలా ముట్టుకోవడం ఏంటని మిగతా శిష్యులకు నచ్చలేదు.

గురువుగారు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక రాత్రి ఆ శిష్యులు ఆరేసుకున్న బట్టల అంచులు కొద్దిగా చింపించారు. తెల్లారేసరికి ఆ గుడ్డ పీలికల కోసం ఒకరినొకరు నానా మాటలు అనుకున్నారు. తర్వాత అదే శిష్యులను, ధనుర్దాసును నేను మఠంలో ఆపుతాను, మీరు వెళ్ళి అతని భార్య నగలు తీసుకురండి అని పంపారు. హేమాంబ నిద్ర నటిస్తూ ఒక వైపు నగలు తీసుకోనిచ్చింది. రెండో వైపువి కూడా తీసుకోవడానికి వీలుగా ఒత్తిగిల్లింది. వాళ్ళు ఆమె లేచిందనుకుని పారిపోయారు. ధనుర్దాసు ఇంటికొచ్చి విని ఏమన్నాడో తెలుసా? నువ్వు కదలకుండా పడుకోవాల్సింది, ఇవి నావి, నేను ఇస్తున్నాను అనుకోబట్టే కదా ఒత్తిగిల్లావు అని నొచ్చుకున్నాడు. చాటుగా వింటున్న శిష్యులు తలలు దించుకున్నారు.

నాకు ఈ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. చదివిన ప్రతిసారీ నన్ను నేను రామానుజుల పక్కన ఊహించుకునేవాణ్ణి. ఈసారి మాత్రం బట్టలు ఆరేసుకున్న శిష్యుల్లో కనిపించాను.

పాఠం 2: పాశురం చదవడానికేనా? (మహాపూర్ణులు)

మహాపూర్ణులు, అంటే పెరియ నంబి, రామానుజులకు గురువు. ఆయనతో కలిసి యామునాచార్యుల దగ్గర చదువుకున్న మారనేరి నంబి అనే భక్తుడు ఉండేవారు. ఆ కాలం లెక్కలో 'అంటరాని' కులం. ఆయన పోయినప్పుడు మహాపూర్ణులు స్వయంగా, తనవాళ్ళకు చేసినట్టే అంత్యక్రియలు చేశారు. అగ్రహారం భగ్గుమంది. ఆయన్ని వెలివేశారు.

రామానుజులే వెళ్ళి, ఇలా చేశారేమిటని అడిగారట. దానికి మహాపూర్ణుల సమాధానం చూడండి. రాముడు జటాయువుకు సంస్కారం చేశాడు. ధర్మరాజు విదురుడికి చేశాడు. నేను రాముడికంటే గొప్పవాణ్ణా? మారనేరి నంబి ఆ పక్షికంటే తక్కువవాడా? భక్తులందరూ నాకు పూజ్యులే అని నమ్మాళ్వార్ పాడిన పాశురాలు సముద్రపు హోరులా వినిపించి పోవడానికేనా, బతుకులో పెట్టుకోవడానికి కాదా?

మనకూ అదే ప్రశ్న. మా గల్లీలో 30 పాశురాలూ తప్పు లేకుండా వచ్చినవాళ్ళు ఉన్నారు. గోదాదేవి ఆ పాశురాల్లో ఒంటరిగా గుడికి వెళ్ళదు. తలుపు తలుపూ తట్టి, ఇంకా నిద్రపోతున్నవాళ్ళను లేపి, అందరినీ వెంటబెట్టుకుని వెళ్తుంది. నేను అదే పాశురం చదువుతూ, నిద్ర మానుకుని వచ్చిన మనిషిని గేటు బయటకు పంపాను. రామానుజులకు తిరుప్పావై జీయర్ అని పేరు, అంతగా ప్రేమించారు దాన్ని. పక్కనున్న వాళ్ళనూ అంతే ప్రేమించారు కాబట్టే ఆ పేరు ఆయనకు నప్పింది.

పాఠం 3: దాచుకున్నదే భయం (కూరేశులు)

కంచి దగ్గర కూరం అనే ఊళ్ళో పెద్ద ధనవంతుడు కూరేశులు (కూరత్తాళ్వాన్). ఆయన ఇంట్లో రోజంతా అన్నదానం. అవన్నీ పంచిపెట్టి భార్య ఆండాళమ్మతో శ్రీరంగానికి కాలినడకన బయల్దేరారు. రాత్రి అడవి దారి. ఇక్కడ భయమేమైనా ఉందా అని ఆమె అడిగింది. చేతిలో ఏమైనా ఉంటే కదా భయం, ఏమైనా తెచ్చావా అన్నారు. మీరు తాగడానికని ఒక బంగారు గిన్నె తెచ్చానంది. ఆయన దాన్ని తీసుకుని పొదల్లోకి విసిరేసి, ఇక పద అన్నారు.

మన జీతాలు, ఈఎంఐలు చూస్తే అన్నీ వదిలేయమని నేను చెప్పను, నేనూ వదల్లేను. నా బంగారు గిన్నె ఏంటో మాత్రం తెలిసింది: ఛానల్ పేరు. వీడియో పాడైపోతుందేమో అన్న భయంతోనే కదా ఆయన్ని పక్కకు జరిపాను. మీ గిన్నె వేరే ఉండొచ్చు. ఆఫీసులో ఇమేజ్, ఫ్రెండ్స్ ముందు స్టేటస్. పోతుందేమోనని ఎప్పుడూ దేన్ని పట్టుకుని ఉంటున్నారో చూసుకోండి.

పాఠం 4: చేసినవాడి కోసం అడగడం (మళ్ళీ కూరేశులు)

కూరేశుల కథలో కష్టమైన ఘట్టం ఇది. అప్పటి చోళరాజు రామానుజులను సభకు రప్పించి తన మతాన్ని ఒప్పుకుని సంతకం పెట్టమని బలవంతం చేయాలనుకున్నాడు. ఆ రాజు ఎవరన్న దాని మీద చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. కూరేశులు గురువుగారి బట్టలు తాను కట్టుకుని ఆయన స్థానంలో సభకు వెళ్ళారు. వృద్ధుడైన మహాపూర్ణులు కూడా వెంట వెళ్ళారు. ఇద్దరూ లొంగలేదు. ఇద్దరి కళ్ళూ పోయాయి. తిరిగి వచ్చే దారిలోనే మహాపూర్ణులు ప్రాణం వదిలారు. రామానుజులు కర్ణాటకలోని మేల్కోటె వైపు వెళ్ళిపోయి చాలా ఏళ్ళు అక్కడే ఉన్నారు.

ఈ మొత్తానికి ముందు, రాజుకు సలహా ఇచ్చి రామానుజుల సంతకం కావాలని ఎగదోసింది నాలూరాన్ అనే వ్యక్తి. అతను కూరేశుల శిష్యుడే. చాలా ఏళ్ళ తర్వాత రామానుజులు తిరిగొచ్చి, కంచిలో వరదరాజస్వామిని నీ చూపు అడుగు అని కూరేశులను పంపారు. కూరేశులు స్తోత్రం చేశారు. స్వామి ఏం కావాలన్నాడు. కూరేశులు కళ్ళు అడగలేదు. నాకు ఏ మోక్షం ఇస్తావో నాలూరానుకూ అదే ఇవ్వమన్నారు.

అన్న చెప్పిన స్తెఫను గుర్తొచ్చాడు కదా? నాకూ వచ్చాడు. దేశాలు వేరు, దేవుడి పేరు వేరు, మధ్యలో వెయ్యేళ్ళ తేడా. దెబ్బ తిన్నవాడి నోట వచ్చిన మాట మాత్రం ఒకటే.

ఒక మాట చెప్పాలి. ఈ కథ విని ఎవరైనా శివభక్తుల మీద కోపం తెచ్చుకుంటే, కూరేశుల కథ అర్థం కానట్టే. కళ్ళు పోగొట్టుకున్నాయనకే లేని కోపం, రీల్ చూసిన మనకెందుకు?

పాఠం 5: తప్పును గుమ్మానికి వేలాడదీయడం (అనంతాళ్వాన్)

చివరిది మన తిరుమల కథ. రామానుజులు పాఠం చెప్తూ, తిరుమల కొండ మీద ఉండి స్వామికి పూలసేవ ఎవరు చేస్తారని అడిగారు. ఆ రోజుల్లో కొండ మీద చలి, అడవి, జ్వరాలు. అందరూ మౌనం. అనంతాళ్వాన్ ఒక్కడే లేచాడు. భార్యతో కొండెక్కి తోట వేశాడు. ఆ తోటకు నీళ్ళ కోసం ఇద్దరే చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసేది.

ఒక పిల్లవాడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఇది గురువుగారు నాకిచ్చిన సేవ, నువ్వు ముట్టుకోవద్దు అని అనంతాళ్వాన్ ఒప్పుకోలేదు. పిల్లవాడు ఆయన కళ్ళుగప్పి ఆ తల్లి దగ్గర తట్ట అందుకుని మోశాడు. తెలిసిన అనంతాళ్వాన్ కోపంతో చేతిలో గునపం విసిరాడు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుడిలో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం! గాయానికి పచ్చకర్పూరం అద్దారు. శ్రీవారి గడ్డం మీద పచ్చకర్పూరం ఇవాళ్టికీ అందుకే. ఆ గునపం తిరుమల మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూ ఉంటుంది. ఈసారి క్యూలో లోపలికి వెళ్ళేటప్పుడు కుడివైపు తలెత్తి చూడండి.

ఈ కథను స్వామి కరుణ గురించే చెప్తాం మనం. నాకు ఇప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. అందరూ వెనక్కి తగ్గిన సేవకు ముందుకొచ్చిన గొప్ప భక్తుడాయన. ఆయన చేతిలోనే ఆ గునపం ఉంది. సోమరిపోతు కాదు గునపం విసిరింది, బాగా సేవ చేసేవాడు. ఇది నా సేవ, నేను అనుకున్నట్టే జరగాలి అనుకున్న క్షణంలో దేవుడికే దెబ్బ తగిలింది. మన గ్రూపుల్లో సేవ మానేసేవాళ్ళ వల్ల జరిగే నష్టం కనిపిస్తుంది. బాగా చేసేవాళ్ళ వల్ల జరిగేది కనిపించదు.

అంత పెద్ద భక్తుడి తప్పును మనవాళ్ళు దాచలేదు. లక్షలమంది నడిచే గుమ్మం మీదే వేలాడదీశారు. అది చదివాకే ఈ పోస్టు రాయాలనుకున్నా. నా గునపం ఆ ఫోన్.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

ఆ ఒడిశా ఆయన కోసం షిఫ్ట్ మారే టైమ్‌లో రెండుసార్లు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. పేరు తెలియదు కాబట్టి ఎలా అడగాలో కూడా తెలియలేదు. గుర్తులు చెప్తే, కాంట్రాక్టు వాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు అన్నాడు వాచ్‌మన్. దొరకలేదు. అన్నిరోజులు ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు అడగలేదు నేను. క్షమాపణ చెప్పే అవకాశం అక్కడే పోయింది.

మావాళ్ళతో ఇదంతా చెప్పాను. కొంచెం వాదన జరిగింది. "నువ్వేదో చిన్నదాన్ని పెద్దది చేస్తున్నవ్ రా" అన్నాడొకడు. కాగితంలో ప్రసాదం చుట్టి ఇచ్చినవాడు మాత్రం ఏమీ అనలేదు. చివరికి శనివారం భజనల నుంచే మూడు మార్పులు మొదలుపెట్టాం. ఒకటి, ఫోన్ వెనక గోడ దగ్గర ఉంటుంది, ఎవరు ఎక్కడ నిలబడినా దాన్ని కదపం, మనుషులనూ కదపం. రెండు, ప్రసాదం అందరికీ ఒకే ప్లేటు, ఒకే చాప. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళకు ముందు పెడతాం, వాళ్ళు నిద్రపోవాలి కాబట్టి. మూడు, కొత్తగా వచ్చినవాళ్ళ పేరు అడిగి, మన పేరు చెప్తాం. మూడోదే కష్టంగా ఉంది, సిగ్గేస్తోంది. అయినా చేస్తున్నాం.

అన్నకు ఈ కథలన్నీ లంచ్ టైమ్‌లో ఒక్కొక్కటిగా చెప్పాను. కూరేశుల కథ విని కాసేపు తినడం ఆపేశాడు. "మా పాస్టరుకు చెప్త" అన్నాడు.

మీకు ఈ వారం పని

ఈ వారం మీరు వెళ్ళే గుడిలో, భజనలో, సత్సంగంలో ఒక్కసారి చివరి వరుస చూడండి. గేటు బయట ఎవరున్నారో చూడండి. చెప్పులు చూసుకునే ఆవిడ, ఊడ్చే అతను, డెలివరీ బ్యాగుతో దండం పెట్టుకుని వెళ్ళిపోయే కుర్రాడు. ఒక్కరి పేరు అడగండి. ప్రసాదం మీ చేత్తో, కూర్చోబెట్టి ఇవ్వండి. ఫోటో తీయకండి.

తిరుకోష్టియూరులో 18 సార్లు తిరిగితే దక్కిన మంత్రాన్ని రామానుజులు గోపురం మీదికెక్కి అందరికీ వినిపించారని మనం గర్వంగా చెప్పుకుంటాం. నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫర్లేదు, ఇంతమంది బాగుపడతారు అన్నారాయన. మనల్ని ఎవరూ గోపురం ఎక్కమనడం లేదు. కొంచెం పక్కకు జరిగి చోటిస్తే చాలు.

ధనుర్మాసం వచ్చేస్తోంది. ఈసారి తెల్లవారుజామున మా గల్లీ గేటు తీసే ఉంటుంది. ఆయన ఎక్కడున్నా, ఎప్పుడైనా మళ్ళీ ఈ దారిన వస్తాడేమోనని నా ఆశ.

వచ్చే ఆదివారం తిరుమల నంబి గారి కథతో వీడియోలో కలుద్దాం. జై శ్రీమన్నారాయణ!